వాణిజ్య విద్యార్థుల సదస్సు: ఎట్టిది, ఎవరి కొఱకు

(మహాసభ రెండవనాటి విద్యాగోష్ఠియందు చేసిన ఉపన్యాసము)



ఈ గోష్ఠిలో నన్ను మాటాడుమని ఆజ్ఞాపించిన కార్యనిర్వాహకవర్గమునకు నా వందనములు. ఇంతకంటె యోగ్యులు మనలో పెక్కురు గలరు. ముప్పదియేండ్లు వాణిజ్యశాస్త్రమును బోధించి విశ్రాంతి గైకొన్నవాడ నగుటయు, మన వసతిగృహములో నాలుగేండ్లు అన్నము తిని చదువుకొన్నవాడ నగుటయు తప్ప నాకు వేఱు అర్హత లేదు. రెండవదానినే పెద్ద అర్హతగా నెంచి మీ ముందు నిలిచితిని.

రేపటి సర్వసభ్యసమావేశమున చర్చకు రానున్న తీర్మానములలో ఏడవది నా విషయము. వచ్చు సంక్రాంతి సెలవులకు ముందు మన వసతిగృహ ప్రాంగణమున రెండు దినముల వాణిజ్య విద్యార్థి సదస్సును జరుపవలెననియు, ఆచార్యులను, పరిశ్రమాధిపతులను, బ్యాంకుల పెద్దలను రప్పించి విద్యార్థులతో కలుపవలెననియు, అందులకగు ధనమును మన దాతలు ముగ్గురు ఇచ్చుటకు అంగీకరించిరనియు అందున్నది. ఈ తీర్మానమును నేను మనస్ఫూర్తిగా బలపఱచుచున్నాను. అందలి నాలుగు మాటలను మాత్రము తీసివేయుడని ప్రార్థింప వచ్చితిని. ఆ మాటలేవో తరువాత చెప్పెదను. ఇట్టి సదస్సులు ఏల పుట్టినవో ముందుగా చెప్పనిండు. లేనిచో నా ప్రార్థన మీకు వింతగా తోచును.

పూర్వము వర్తకము నేర్చుకొనుటకు వేఱు బడి లేకుండెను. కుఱ్ఱవాడు అంగడిలో గుమాస్తాగా చేరి, చిట్టా వ్రాయుచు, ఆవర్జాకు ఎక్కించుచు, సంతకు పోవుచు, వచ్చిన ఆసామి యెవడో, వాని మాట యెంతవఱకు నిలుచునో తెలిసికొనుచుండెను. లెక్కయు, మనుష్యుల ఎఱుకయు ఒక్కచోటనే అలవడుచుండెను. వర్తకము కళాశాల కెక్కిన పిమ్మట లెక్క పుస్తకములోనికి వచ్చినది. మనుష్యులు బయట నిలిచిపోయిరి.

అమెరికా దేశమున 1881లో జోసెఫ్ వార్టన్ అను పారిశ్రామికుని విరాళముతో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయమున వార్టన్ విద్యాలయము వెలసెను. 1908లో హార్వర్డువారు బిజినెస్ స్కూలును తెఱచిరి. మన దేశమున 1956లో హైదరాబాదునందు అడ్మినిస్ట్రేటివ్ స్టాఫ్ కాలేజి స్థాపింపబడి, బేరారు యువరాజు నివసించిన బెల్లావిస్టా భవనమున నెలకొన్నది. మఱుసటి యేడు, 1957లో, వాల్తేరున మన ఆంధ్రవిశ్వకళాపరిషత్తు ఎం.బి.ఏ. తరగతులను ప్రారంభించినది. 1961లో కలకత్తా, అహమ్మదాబాదు నగరములందును, 2015లో విశాఖపట్టణమునందును ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మేనేజిమెంటు సంస్థలు, ఈ నడుమ 2001లో హైదరాబాదున ఇండియన్ స్కూల్ ఆఫ్ బిజినెస్ ఏర్పడినవి. వీని కన్నిటికిని ఒక్కటే కొఱత. బయట నిలిచిపోయిన ఆ మనుష్యులను లోనికి తెచ్చుటెట్లు?

హార్వర్డువారు 1911 ప్రాంతమున పట్టిన ఉపాయము నాకు మిక్కిలి నచ్చినది. ఆర్చ్ షా అను పత్రికాధిపతి అచట ఒక తరగతిని నడపెను. ఆయన వ్యాపారస్థులను ఉపన్యాసములకు పిలువలేదు. ఒక్కొక్కరు తమ సంస్థలో అప్పటికి తేలని చిక్కు నొకదానిని తెచ్చి విద్యార్థుల ముందు పెట్టవలెను. వారడిగిన ప్రశ్నలకు సమాధానము చెప్పవలెను. విద్యార్థులు దానిని ఆలోచించి, ఇట్లు చేయుడని వ్రాసి ఇచ్చుదురు. ఆ వ్యాపారస్థుడు మరల వచ్చి, ఆ వ్రాతలను చదివినవాడై, వారితో వాదించును. ఇందు గమనింపవలసినది, పెద్దమనుష్యుడు రెండవసారి వచ్చుట. తాను చెప్పి పోవుటకు గాక, పిల్లలు చెప్పినది వినుటకు వచ్చుట. నేటి సదస్సులలో ఈ రెండవ రాక యెక్కడను కానరాదు.

ఇక సదస్సు అనదగిన దానికి స్విట్జర్లండు దేశపు తూర్పుభాగమున నున్న సెయింట్ గాలెన్ పట్టణమును చూపెదను. అది బుటేదారు అల్లికలకు పేరుమోసిన ఊరు. అచటి విశ్వవిద్యాలయము 1898లో వర్తకుల బిడ్డల కొఱకు పుట్టినదే. 1968లో ఐరోపాఖండమున విద్యార్థులు వీధుల కెక్కిరి. పారిసు నగరమున అడ్డుగోడలు లేచినవి, రాళ్లు రువ్వబడినవి. పెద్దలు పిల్లల మాట వినరనియు, పిల్లలు పెద్దలను లెక్కచేయరనియు ఇరువాగుల ఆక్రోశము. అట్టి కాలమున, 1969లో, ఈ చిన్న పట్టణపు విద్యార్థులు అయిదుగురు, రాయికి బదులు ఆహ్వానపత్రిక పంపుదమని ఒక విద్యార్థిసంఘమును స్థాపించిరి. 1970లో మొదటి సమావేశము జరిగెను. నాటినుండి ప్రతివత్సరము మే నెలలో జరుగుచున్నది. 2020లో కరోనా మహమ్మారి వలన ఆగినను, 2021లో ఏబదవ సమావేశము జరిగినది.

దీని విశేషమేమనగా, నడుపువారు విద్యార్థులే. ఏటేట క్రొత్తగా సుమారు ముప్పదిమంది తమ చదువును కొంతకాలము ఆపుకొని ఇదే పనిలో నుందురు. పరిశ్రమాధిపతుల యొద్దకు పోయి ద్రవ్యమడుగువారును, మంత్రులకు ఉత్తరములు వ్రాయువారును, అతిథులను ఎదుర్కొనువారును వారే. సంపన్నులైన ఆహూతులతోపాటు లోకపు నలుమూలలనుండి సుమారు ఇన్నూరుమంది యువకులను, యువతులను పిలుతురు. వీరిలో పలువురు ఆ యేటి విషయముపై వ్యాసపరీక్షలో నెగ్గి వచ్చువారు. ఎవని కొడుకు, ఏ ఊరు అను విచారణ లేదు, వ్యాసమే సిఫారసు. మన పిల్లలును పోటీ చేయవచ్చును. ఎం.బి.ఏ., ఎం.కాం. చదువువారిలో ఈ సంగతి యెఱిగినవారెందఱని నిన్న వసతిగృహములో అడిగితిని. ఒక్క అమ్మాయి చేయెత్తినది.

అంతకుముందే, 1948లో, యుద్ధముచే చితికిన ఐరోపాలో ఏడు దేశముల విద్యార్థులు కూడి ఐసెక్ అను సంఘమును పెట్టి, ఒక దేశపు వాణిజ్యవిద్యార్థిని వేఱొక దేశపు కంపెనీలో పనికి పంపుకొను ఏర్పాటు చేసికొనిరి. అదియు విద్యార్థులు పూనుకొన్న పనియే. దాని కథ పెద్దది, ఇచ్చట విడిచెదను.

మహాశయులారా! ఇంత శ్రమపడి కూడినందులకు విద్యార్థికి దక్కునదేమి? ఉపన్యాసములా? అవి నేడు చేతిలోని ఫోనుననే వినవచ్చును. దక్కునది పరిచయము, అందులోను స్వల్పపరిచయము. స్వల్పమన్నందులకు చులకనగా చూడకుడు. 1973లో ప్రకటించిన పరిశోధనమునకై మార్క్ గ్రానోవెటర్ అను సంఘశాస్త్రజ్ఞుడు బోస్టను నగరపు శివారులో క్రొత్తగా ఉద్యోగములు మారినవారిని విచారించెను. ఎఱిగినవారి మూలమున ఉద్యోగము తెలిసినవారిని, ఆ ఎఱిగిన మనుష్యుని మీరెంత తఱచుగా చూచుచుంటిరని అడిగెను. వారమునకు రెండుసార్లైన చూచుచుంటిమన్నవారు నూటికి 16.7 మాత్రమే. అప్పుడప్పుడు చూచుచుంటిమన్నవారు 55.6. ఏడాదికొకసారియో, అంతకంటె తక్కువగానో చూచుచుంటిమన్నవారు 27.8. దగ్గఱివారికంటె దూరపువారే ఉద్యోగవార్త తెచ్చిరి. కారణము కష్టమైనది కాదు. మనకు మిక్కిలి దగ్గఱివారు మనమున్న చోటనే యుందురు; మనకు తెలిసినదే వారికిని తెలియును. క్రొత్తవార్త క్రొత్తచోటినుండియే రావలెను.

ఇది పాతకాలపు మాట యని కొట్టివేయుటకు వీలులేదు. 2022లో సైన్స్ పత్రికయందు ప్రకటింపబడిన పరిశోధనమున, లింక్‌డిన్ అను ఉద్యోగసంబంధ వేదికలో అయిదేండ్లపాటు రెండు కోట్లమందికి పైగా జనుల పరిచయములను పరీక్షించి చూచిరి. అత్యంత సన్నిహితులకంటె కొలదిగా పరిచితులైనవారే ఉద్యోగము మారుటకు ఎక్కువ తోడ్పడిరని తేలినది. న్యాయముగా రెండవవైపును చెప్పవలెను. ఏ సంబంధమును లేని కేవలపు ముఖపరిచయము వలన ప్రయోజనము తగ్గినది. కంప్యూటరు వాడుక తక్కువగా నున్న వృత్తులలో దగ్గఱి సంబంధములే మేలు చేసినవి. కావున మేనమామ కొట్టులో కూర్చుండి పని నేర్చుకొన్నవారి మాటను నేను కాదనుట లేదు.

నా కథ యొకటి చెప్పుటకు అనుమతింపుడు. 1981లో నేను ఎం.కాం. చదువుచుండగా, వేఱొక జిల్లాలోని కళాశాలలో వాణిజ్య సదస్సు జరుగునని మా ఆచార్యులు గోడమీద కాగితము అంటించిరి. ప్యాసింజరు బండిలో రాత్రియంతయు నిలువుకాళ్లపై పోయితిని. యంత్రముల తరుగును చిన్న మిల్లులవారు ఎట్లు లెక్కింతురని ఒక ప్రశ్నను ఇంగ్లీషున వ్రాసికొని, నాలుగు మార్లు దిద్దుకొని జేబులో పెట్టుకొంటిని. ప్రశ్నల వేళ వచ్చెను. నేను లేవలేదు. నా ఇంగ్లీషు విని నవ్వుదురేమో యని భయము. ఆ కాగితము జేబులోనే చెమటకు తడిసిపోయెను.

మధ్యాహ్నము భోజనపు వరుసలో నా ముందు ఒక ధోవతి కట్టిన పెద్దమనుష్యుడు విస్తరి పట్టుకొని నిలిచియుండెను. వంటకు సరుకులు తెచ్చిన కోమటిగారు కాబోలుననుకొని, భయము లేక తెలుగులో ఆ ప్రశ్ననే అడిగితిని. ఆయన వేరుసెనగ నూనెమిల్లు యజమాని. రావలసిన వక్త రానందున అప్పటికప్పుడు పిలిపింపబడినవాడు. "అబ్బాయీ, పుస్తకంలో తరుగు ఏడాది కొకసారి వేస్తారు. మిల్లులో తరుగు మరమ్మతుకు ఆగిన రోజున కనబడుతుంది. ఆ రోజులు లెక్కపెట్టు" అని, భోజనమైన పిమ్మట చెట్టుక్రింద గంటసేపు చెప్పెను. తన చిరునామా వ్రాసి ఇచ్చెను. రెండేండ్లకు ఒక కార్డు వ్రాసితిని. ఆయన ఊరిలో క్రొత్తగా పెట్టిన కళాశాలలో వాణిజ్యోపన్యాసకుడు కావలెనని జవాబు వచ్చెను. అదియే నా మొదటి యుద్యోగము. ఆయనను నేను చూచినది అప్పటికి ఒక్కసారి.

ఆ సదస్సు జరిపినది మన సంఘము కాదు. మఱియొక కులమువారు తమ విరాళములతో కట్టుకొన్న కళాశాల అది. తలుపు తెఱచియుండెను, నేను లోనికి పోయితిని. ఆ మిల్లుయజమాని మన కులమువాడును కాడు. ఏ కులమని నేను అడుగలేదు. ఆయనయు నన్ను అడుగలేదు.

ఇక మన తీర్మానము. సదస్సునందు ప్రవేశము "మన కుల విద్యార్థులకు మాత్రమే" యని అందున్నది. నేను తీసివేయుడని వేడుకొను నాలుగు మాటలు ఇవియే.

కొందఱు మిత్రులు నిన్నరాత్రి నాతో వాదించిరి. ధనము మనది, పిల్లలు మనవారు, పెఱవారికి విందు చేయుట యేల యని వారి ఆక్షేపణ. అది తోసిపుచ్చదగినది కాదు. విద్యార్థివేతనముల విషయమున నేనును అట్లే అందును. ఫీజు కట్టలేని మన పిల్లవానికి రావలసిన ధనము మఱొకరికి పోయినచో వానికి తక్కువ యగును. వసతిగృహములో మంచములకును లెక్క కలదు. కాని పరిచయము అట్లు పంచబడునది కాదు. మన వసతిగృహములో నూటయిరువదిమంది పిల్లలున్నారు. వీరిలో ఒకరినొకరు ఎఱుగనివారు లేరు. పెండ్లిండ్లలో కలిసికొందురు, ఈ మహాసభలలో కలిసికొందురు. వారిని మరల ఒక పందిటిలో కూర్చుండబెట్టి సదస్సు అని పేరు పెట్టినచో, ఉన్న పరిచయమునే మరల పరిచయము చేసినట్లగును. ఎదుటి వరుసలో మన పట్టణపు ఇతర కళాశాలల పిల్లలు, బీదవాడలనుండి వచ్చి ఇంటిలో మొదటిసారిగా చదువుకొనుచున్నవారు, రైతుల పిల్లలు, మహమ్మదీయ సోదరుల పిల్లలు కూర్చున్నప్పుడే మన పిల్లవానికి తాను వినని సంగతి చెవిని పడును. ఈ ప్రయోజనము చాలదందురా? నేను తిన్న ఆ విస్తరి భోజనపు బాకీ యొకటి యున్నది. దానిని తీర్చుటకు నాకు వేఱు తావు లేదు.

ప్రవేశమును గూర్చి ఇంత చెప్పి, నడుపు విధమును గూర్చి చెప్పకున్న అసంపూర్ణమగును. ఇటీవల ఒక కళాశాలవారి సదస్సునకు పోయితిని, పేరు చెప్పను. పదిగంటలకు కావలసిన ఆరంభము పదునొకండున్నరకు అయ్యెను. జ్యోతిప్రజ్వలనము, ప్రార్థన, స్వాగతము, అతిథుల పరిచయము, పూలగుత్తులు, శాలువలు, జ్ఞాపికలు, ఛాయాచిత్రములు. ద్రవ్యమిచ్చిన కంపెనీ ప్రతినిధి తమ సరుకును గూర్చి నలుబది నిమిషములు చెప్పెను. ప్రశ్నలకు మిగిలినది పదినిమిషములు. రెండు ప్రశ్నలు వచ్చినవి. రెండును ఉపాధ్యాయులు ముందుగా వ్రాసి ఇచ్చినవే. పిల్లలు సంచియు, పెన్నును, పొట్లపు భోజనమును పుచ్చుకొని పోయిరి. ఆ వేదికమీద శాలువ కప్పించుకొన్నవారిలో నేనును ఒకడను గనుక నింద నాకును చెందును. మన దాతలు ముగ్గురును ఇందున్నారు, కోపింపకుందురు గాక. వారికి సన్మానము ఈ మహాసభలోనే చేయుదము. సదస్సు దినములలో వారు విద్యార్థుల నడుమ కూర్చుండి భోజనము చేసిన చాలును.

సదస్సును విద్యార్థులే నడుపవలెను. పదునైదుమందితో సంఘము వేసి, ధనమును, జమాఖర్చు పుస్తకమును వారి చేతికే ఇయ్యవలెను. తప్పులు చేయుదురు. గోడపత్రికలో తేదీ తప్పు పడును, అన్నము చాలకపోవును, ఒక అతిథి కొఱకు స్టేషనుకు ఎవరును పోకుందురు. నలుబదిమందిని ఉత్తరములతో వేడి పదిమందిని రప్పించుట యెట్టిదో వారికి ఇంకెక్కడ తెలియును? ఆ సంఘమున ఆడపిల్లలు సగముండవలెను. స్త్రీల వసతిగృహపు తలుపు సాయంకాలము ఆఱుగంటలకు మూయబడుచున్నది. ఆ నియమమును సదస్సు ముగియువఱకైనను సడలింపకున్న, సగమనుట కాగితముమీది మాటయే. ఈ విషయమున వార్డెనుగారితో మాటాడితిని. కార్యవర్గము వ్రాసి ఇచ్చినచో అభ్యంతరము లేదన్నారు.

పెద్ద కంపెనీల పేర్లకై మనము పరుగులెత్త నక్కఱలేదు. ఆర్చ్ షా పద్ధతిని మన ఊరిలోనే పెట్టవచ్చును. పాత యంత్రముతో గడుపవలెనా, అప్పు చేసి క్రొత్తది తేవలెనా యని తేలక యున్న బియ్యపు మిల్లు యజమానిని పిలువుడు. జనులు ఫోనులోనే సరుకులు తెప్పించుకొనుచుండగా బేరము తగ్గిన కిరాణా వర్తకుని పిలువుడు. పత్తివ్యాపారములో దెబ్బతిని కొట్టు మూసినవారు మనలో నొకరున్నారు. వారు సమ్మతించినచో వారిని మొదట పిలువుడు. మొదటిదినము వారు తమ చిక్కును చెప్పుదురు. ఆ రాత్రి విద్యార్థులు ఆలోచించి వ్రాయుదురు. ఆచార్యులు వారి యొద్ద కూర్చుండి లెక్కలు సరిచూతురు. రెండవదినము ఆ వర్తకులే మరల వచ్చి సమాధానము చెప్పుదురు. ప్రశ్నలు తెలుగునను అడుగవచ్చునని ఆహ్వానపత్రికలో పెద్ద అక్షరములతో అచ్చువేయింపుడు. ఎందులకో మీకు తెలిసినదే.

అధ్యక్షా! నాకిచ్చిన కాలము మించినది. సవరణమును రెండు పంక్తులలో వ్రాసి కార్యదర్శిగారికి ఇచ్చితిని. నన్ను బలపఱచువారొక్కరు కావలెను. నియమావళి ప్రకారము రేపు తొమ్మిదిగంటలకు ముందే వారి సంతకము పడవలెను. వాదింపదలచినవారును రావచ్చును. ఈ రాత్రి భోజనములైన పిమ్మట నేను పాత వసతిగృహపు వరండాలో, బావి వైపున కూర్చుండియుందును.